తూకం గదిలో ఒక ‘కాదు’

నేను రిటైరై ఏడాది దాటింది. పొద్దున నడకకు పోయి వచ్చి గేటు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే, మా కాలనీలో ఉద్యోగాల వేటలో ఉన్న పిల్లలు వచ్చి చుట్టూ చేరతారు. "అంకుల్, మీరు ఫారినోళ్లతోని మాట్లాడెటోళ్లట గద, మాక్కూడ జర ఇంగ్లిష్ చెప్పరాదుండ్రి" అంటారు. నేను మొహమాటం లేకుండా ఒకటే చెబుతాను: ఒక పని జరగదని ఇంగ్లిషు వాళ్లు ఎన్ని రకాలుగా అంటారో ముందు నేర్చుకోండి, మిగతా ఇంగ్లిషు దాని వెనకే వస్తుంది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఉద్యోగం కావాలని వచ్చినవాడికి కాదనడం నేర్పుతున్నాడేమిటి ఈ ముసలాయన అని వాళ్ల అనుమానం. ఆ అనుమానం తీర్చడానికే ఇది రాస్తున్నాను. రాసేవాణ్ని నేనే కాబట్టి నన్ను నేను గొప్పగా చూపించుకునే వీలుంది. కానీ ఇందులో నేను చేసిన గొప్ప పని చాలా తక్కువని ముందే చెప్పేస్తున్నాను.

చౌటుప్పల్ దాటాక హైవే దిగి లోపలికి పోతే, రంగు రాళ్లు పాతిన ప్లాట్ల మధ్య మా ఫ్యాక్టరీ. మేం మందు బిళ్లలు చేయం, బిళ్లల్లోకి పోయే పొడి చేస్తాం. మొదట చాలా ఏళ్లు షిఫ్టుల్లో పనిచేశాను, తర్వాత నన్ను ట్రైనింగ్ సెక్షన్‌కు మార్చారు. సెక్షన్ అంటే పెద్దగా ఊహించుకోకండి. క్యాంటీన్ పక్కన ఒక గది, ఒక తెల్ల బోర్డు, పది కుర్చీలు, నేను. తెలుగు మీడియంలో చదివి, డిగ్రీలో ఇంగ్లిషు పేపరు గట్టెక్కడానికి యాదగిరిగుట్టకు మొక్కుకున్నవాణ్ని. అయినా ఫ్యాక్టరీలో ఇంగ్లిషు అనగానే నన్నే పిలిచేవారు. మిగతావాళ్లు నోరు తెరవకపోవడం తప్ప అందుకు వేరే కారణమేమీ నాకు కనిపించదు.

మా పొడి కొనేవాళ్లు సముద్రాల అవతల ఉంటారు. రెండేళ్లకోసారి వాళ్ల మనుషులు వచ్చి ఫ్యాక్టరీ అంతా తిరిగి, రికార్డు పుస్తకాలన్నీ తిరగేసి, పనివాళ్లను ప్రశ్నలడిగి పోతారు. రాష్ట్రం వచ్చిన కొత్తలో అలా ఒక పొడుగాటి దొర వచ్చాడు. పొడి ఆరబెట్టే గదిలో మా ఆపరేటర్‌ను పట్టుకుని, ఈ కిటికీలోంచి వాన నీళ్లు లోపలికి రావడానికి వీలుందా అని అడిగాడు. మావాడు చేతులు కట్టుకుని "యెస్ సర్" అన్నాడు. ఆ కిటికీకి అద్దం, అద్దం చుట్టూ రబ్బరు, బయట ఇనుప రేకు. వాన కాదు కదా, దోమ కూడా రాలేదు. పిట్టలు రావచ్చా అని అడిగాడు దొర. "యెస్ సర్." ఆయన రాసుకుంటూ పోయాడు. బాగున్న కిటికీని పీకి కొత్తది పెట్టాల్సి వచ్చింది. తర్వాత నేను మావాణ్ని నిలదీస్తే, "అంత దూరంకెళ్లి వచ్చిండు సార్, పెద్దమనిషి. మొకం మీద కాదని ఎట్లంట?" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ వాణ్ని తిట్టలేకపోయాను. మా దిక్కు పెద్దవాళ్లకు, వచ్చినవాళ్లకు కాదని చెప్పడం మా పెంపకంలోనే లేదు. పెళ్లికి పిలిస్తే పోలేమని తెలిసినా "వస్తం వస్తం" అంటాం. పై ఆఫీసరు "రేపటికల్ల అయితదా?" అంటే "అయితది సార్" అంటాం. కాకపోతే మర్నాడు తల గోక్కుంటూ నిలబడతాం. మరీ కాని పనైతే "చూద్దాం సార్" అంటాం. ఊళ్లో ఇది చక్కగానే నడుస్తుంది, ఎందుకంటే అన్నవాడికీ విన్నవాడికీ అసలు సంగతి తెలుసు. ఫ్యాక్టరీలో మాత్రం ఏది అవుతుందో ఏది కాదో తేలక మేం నానా తిప్పలు పడేవాళ్లం.

ఇంగ్లిషు వాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? ఒకసారి సరుకు వారం ముందే పంపుతాం, తీసుకుంటారా అని ఫోన్లో వాళ్ల ఆఫీసులో అడిగాను. అవతల ఒకావిడ తేనె పూసిన గొంతుతో "ఐ యామ్ అఫ్రెయిడ్ దట్ మైట్ బి ఎ బిట్ డిఫికల్ట్" అంది. పాపం భయపడుతోంది, కొంచెమే కష్టమంటోంది, ధైర్యం చెబితే అయిపోతుంది అనుకున్నాను. "నో ఫియర్ మేడమ్" అని ధైర్యం చెప్పి, మేనేజరుతో "అయితది సార్" అన్నాను. లారీలు లోడై గేటు దగ్గర వారం రోజులు నిలబడ్డాయి. ఆమె మెత్తగా, మర్యాదగా, చచ్చినా జరగదని చెప్పిందని అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం ఒక చిన్న డైరీ కొన్నాను. ఫోన్లోగానీ మెయిల్లోగానీ వాళ్లు జరగదని ఏ రకంగా అన్నా అందులో ఎక్కించేవాణ్ని. నో వే అంటే దారే లేదు. అవుట్ ఆఫ్ ద క్వశ్చన్ అంటే ఆ ఊసే ఎత్తొద్దు. ఐ డోంట్ సీ హౌ అంటే ఎలా అవుతుందో నాకైతే కనబడటం లేదు, నీకు కనబడితే చెప్పు. కోపానికి ఒకటి, వేళాకోళానికి ఒకటి, కొత్తవాళ్లతో ఒకటి. రెండేళ్లలో డైరీ సగం నిండింది.

మళ్లీ వాళ్లు వచ్చే ఏడు రానే వచ్చింది. ఎండలు ముదురుతున్న రోజుల్లో మేనేజరు నన్ను పిలిచాడు. "నెల రోజులు టైమున్నది. పదిమందిని ఇస్త. ఇంగ్లిష్‌ల జవాబు చెప్పేటట్టు తయారు చెయ్. ముందుగాల గా యెస్ సర్ బందు చేయించు" అన్నాడు. నేను అలవాటు కొద్దీ "అయితది సార్" అన్నాను. గుమ్మం దాటబోతుంటే వెనక నుంచి ఇంకో మాట అన్నాడు. "చెప్పలేనోళ్లను గోదాముకు పంపిస్త. మళ్ల లోపలికి తీసుకునేది లేదు. ఇంగ్లిష్ వచ్చిన పిలగాండ్లు మస్తుమంది బయట నిలబడ్డరు."

ఆ పదిమందిలో తూకం గదిలో పనిచేసే ఆమె ఒకరు. నారాయణపూర్ దారిలో ఒక ఊరు, గొర్రెలు కాసుకునే ఇల్లు. పదో తరగతి ఇంగ్లిషులో తప్పి చదువు ఆపేసింది. భర్త బండి మీంచి పడి నడుము దెబ్బతిని, మంద వెనక తిరగలేని స్థితిలో ఉన్నాడు. ముసలి మామ ఇంకా కర్ర పట్టుకుని గొర్రెలు తోలుకుపోతున్నాడు. ఏడేళ్లుగా ఆమె కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. ఆ ఏడాది పర్మినెంటు చేసేవాళ్ల జాబితాలో ఆమె పేరు చేరింది. గోదాముకు పంపితే ఆ పేరు కొట్టేస్తారు. ఇది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

తూకం గది గురించి కొంచెం చెప్పాలి. పొడిలో కలిసే ప్రతి సరుకూ ముందు అక్కడ తూగాలి. పొద్దున రాగానే కాంటాను స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, దాని మీద బరువు ముందే తెలిసిన మూడు బాట్లు, అంటే తూకపు రాళ్లు, ఒక్కొక్కటిగా పెట్టి, సరిగ్గా చూపిస్తోందో లేదో చూసి, టైము రాసి సంతకం పెట్టాలి. ఆ తర్వాతే మొదటి సంచి ఎక్కించాలి. అంతే పని. ఆమె ఆ పనిని దేవుడి దగ్గర దీపం పెట్టినంత శ్రద్ధగా చేసేది.

షిఫ్టు దిగాక సాయంత్రం ఐదున్నరకు క్లాసు. మొదటి వారం ఒక్కరూ నోరు విప్పలేదు. నేను అడిగితే తలలు ఊపేవారు, అర్థమైందా అంటే అర్థమైందనేవారు, ఏం అర్థమైందంటే బల్ల వైపు చూసేవారు. నాకు ఒళ్లు మండేది. ఎనిమిదో రోజు పుస్తకం అవతల పారేసి డైరీ తీశాను. బోర్డు మీద ‘పిగ్స్ మైట్ ఫ్లై’ అని రాశాను. కాని పని ఎవడైనా అవుతుందంటే ఇంగ్లిషువాడు, అవునవును, పందులు కూడా ఎగురుతాయి కాబోలు అంటాడని చెప్పాను. కిటికీ ఆపరేటర్ వెనక నుంచి, "మా ఊరి పందులను జూస్తె ఎగిరినా ఎగురుతయ్ సార్" అన్నాడు. గది గొల్లుమంది. అప్పుడు నేను, మరి మనమేమంటామని అడిగాను. ఇక ఆపడం నా తరం కాలేదు. "యాడన్న ఉన్నదా?" అని ఒకరు, "అయ్యేదా, పొయ్యేదా?" అని ఒకరు, "నీ తలకాయ్" అని ఒకరు. ఎడమవైపు ఇంగ్లిషు, కుడివైపు తెలుగు రాసుకుంటూ పోతే బోర్డు చాల్లేదు. కాదనడం ఇంత బాగా వచ్చినవాళ్లు తెల్లకోటు వేసుకున్న మనిషి ముందు మాత్రం ఎందుకు అనలేకపోతున్నారో నాకు అంతు పట్టలేదు.

చివరికి ‘దట్ కాంట్ బి రైట్’ అని రాశాను. ఈ మాటలో నువ్వు తప్పు చేశావని ఎవరినీ అనడం లేదు, అబద్ధమాడావని అనడం లేదు. సరైన జవాబేదో నీకు తెలియకపోయినా ఫరవాలేదు. ఇది మాత్రం కాదు, ఇందులో ఏదో తేడా ఉంది అంటున్నావు, అంతే. అప్పటిదాకా నోరు మెదపని తూకం గది ఆమె లేచి నిలబడింది.

"సార్, మా మామ గిట్లనే అంటడు."

"మీ మామకు ఇంగ్లిష్ వస్తదా చెల్లె?" అన్నాను నవ్వుతూ.

"గట్ల కాదు సార్. పొద్దుమీకి మంద దొడ్లెకు వచ్చేటప్పుడు మా మామ లెక్కవెట్టడు. ఊకె నిలవడి సూస్తడు. సూసి, ‘ఏందో కొదువున్నదే’ అంటడు. ఏ గొర్రె తప్పిందో తెల్వదు, యాడ తప్పిందో తెల్వదు. కొదువున్నదని మాత్రం తెలుస్తది. కర్ర వట్టుకోని మళ్ల ఎనకకు పోతడు. దొరుకుతది."

నేను అంతసేపూ విడమర్చి చెప్పిన దానికంటే ఆమె చెప్పిందే బాగుంది. అదేనని ఒప్పుకున్నాను. ఆ రోజు నుంచి ఆ మాట ఆమెను పట్టుకుంది. క్యాంటీన్‌లో సాంబారు నీళ్లలా ఉంటే గరిటె పట్టుకున్నాయనతో "దట్ కాంట్ బి రైట్" అనేది. షిఫ్టు బస్సు డ్రైవరు ఐదు నిమిషాల్లో వస్తానంటే "దట్ కాంట్ బి రైట్ అన్నా" అనేది. మిగతా ప్రశ్నల్లో మాత్రం తడబడుతూనే ఉంది. నెలాఖరులో మేనేజరు పరీక్ష పెట్టినప్పుడు ఐదింటికి మూడే చెప్పింది. ఆయన పెదవి విరిచాడు. ఆ గది ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని నేను బతిమాలితే, "నీ పూచీ మీద ఉంచుతున్న" అన్నాడు.

ఈసారి తనిఖీకి వచ్చింది ఒక పెద్దావిడ. పొట్టి తెల్ల జుట్టు, మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలు, నెమ్మదైన మాట. మొదటి రోజు బాగానే గడిచింది. మావాళ్లు జవాబులు చెప్పారు. కిటికీ ఆపరేటరైతే ఆమె ఏం అడగకముందే "నో రెయిన్ మేడమ్" అన్నాడు. ఇబ్బందంతా పెద్దవాళ్లతోనే వచ్చింది. ఆమె ఏం అడిగినా మేనేజరు "పాసిబుల్ మేడమ్" అంటున్నాడు. ఈ మార్పు నెలలో చేయగలరా? పాసిబుల్. వారంలో? పాసిబుల్. ఆమె కనుబొమ్మలు కొంచెం కొంచెంగా పైకి పోతున్నాయి.

రెండో రోజు పదకొండింటికి తూకం గదికి వచ్చాం. ఆవిడ, మేనేజరు, షిఫ్టు సూపర్‌వైజరు, మాటలు అటూ ఇటూ చెప్పడానికి నేను. తూకం గది ఆమె కాంటా పక్కన నిలబడి ఉంది. ఆవిడ రికార్డు పుస్తకం తీసి, నెల కిందటి ఒక పేజీ దగ్గర ఆగింది. కళ్లద్దాలు పెట్టుకుంది. తొమ్మిదీ పదికి కాంటా తుడిచినట్టు ఉంది. తొమ్మిదీ పదిహేనుకు మూడు బాట్లూ పెట్టి చూసినట్టు ఉంది. అదే తొమ్మిదీ పదిహేనుకు మొదటి సంచి తూగినట్టు ఉంది. కింద తూకం గది ఆమె సంతకం. ఆవిడ వేలు పెట్టి చూపించి, ఐదు నిమిషాల్లో ఇదంతా సాధ్యమేనా అని అడిగింది.

"పాసిబుల్ మేడమ్, ఎక్స్‌పీరియన్స్‌డ్ ఆపరేటర్" అన్నాడు మేనేజరు. సూపర్‌వైజరు తలూపాడు. ఆవిడ నా వైపు తిరిగింది. ఆ గదిలో నేను కూడా ఒకప్పుడు పనిచేశాను. ఇరవై నిమిషాలకు తక్కువ పట్టదని నాకు బాగా తెలుసు. డైరీ నా జేబులోనే ఉంది. నెల రోజులు పదిమందికి కాదని చెప్పడం నేర్పినవాణ్ని, మేనేజరు మొహం ఒకసారి చూశాను. "పాసిబుల్ మేడమ్" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆవిడ ఆఖరుకు సంతకం పెట్టిన మనిషి వైపు తిరిగి, మరి మీరేమంటారని అడిగింది. ఆమె పేజీ మీదికి వంగింది. సంతకం వైపు కాదు, టైముల వైపు చూసింది. మాస్కు పైన కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"దట్ కాంట్ బి రైట్, మేడమ్."

ఆమె ఇంగ్లిషు అక్కడితో అయిపోయింది. నా వైపు తిరిగి తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది.

"సార్, మేడమ్‌కు చెప్పుండ్రి. ఆ దినం మా బస్సు పంక్చరైంది. నేను వచ్చేసరికి తొమ్మిదిన్నర దాటింది. అప్పటికే తూకం షురువైంది. సాయంత్రం సంతకం పెట్టమంటె పెట్టిన. పెద్దోళ్లు చెప్పిండ్రు, కాదనబుద్ది గాలే. పెట్టుడు నా తప్పే. ఐదు నిమిషాలల్ల అయ్యే పని కాదది."

మేనేజరు నా భుజం దగ్గరకు వచ్చి, మొహం మీద నవ్వు చెదరకుండా, తెలుగులో మెల్లగా అన్నాడు. "కాంటా కొత్తది, జల్ది ఆరుతదని అంటున్నదని చెప్పు."

అనువాదం చేసే మనిషికి ఇలాంటి ఘడియ రాకూడదు. వస్తే తప్పించుకోలేడు. నేను చెప్పకపోతే ఆమె నోట్లోంచి వచ్చిన ఆ నాలుగు ఇంగ్లిషు ముక్కలను భాష రాని మనిషి పొరపాటు కింద తోసేయడం ఎంత సులువో నాకు తెలుసు. నా పూచీ మీద ఆ గదిలో నిలబడిన మనిషిని నేనే ముంచినవాణ్నవుతాను. ఆమె చెప్పింది చెప్పినట్టు, ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పేశాను. సూపర్‌వైజరు నేల వైపు చూస్తున్నాడు.

ఆవిడ కలం తీసింది. అయితే ఆ రోజు కాంటా సరిగ్గా ఉందని ఎలా నమ్మాలని అడిగింది. నేను తెలుగులో చెప్పగానే ఆమె పేజీ తిప్పి, అంచున ఒక మూల చూపించింది. సన్నటి అక్షరాలతో తెలుగులో ఒక వాక్యం ఉంది. ఇంగ్లిషు అంకెలు మాత్రమే చూసుకుంటూ పోయే మా ఆఫీసు వాళ్ల కంట అది పడలేదు. ఆవిడ అడిగితే నేను పైకి చదివాను: "9.50కి తూకం ఆపి కాంటా తుడిచి మూడు బాట్లు పెట్టి చూసిన. మంచిగనే ఉన్నయి."

"పొద్దుగాల సూడలేదని మనసున వట్టలేదు సార్" అంది ఆమె. "అందుకే రాంగనే పని ఆపి సూసిన. ఇంగ్లిష్‌ల రాసుడు రాక గట్ల రాసిన."

ఇంగ్లిషులో చెప్పాను. ఆవిడ ఆ తెలుగు అక్షరాల మీద వేలు పెట్టి చివరిదాకా జరిపింది. తర్వాత అంది: నిన్నటి నుంచి మీ ఫ్యాక్టరీలో ఏది అడిగినా సాధ్యమే అంటున్నారు. సాధ్యం కానిది ఒక్కటైనా దొరికితే మిగతావన్నీ నమ్మవచ్చు కదా అని వెతుకుతున్నాను. ఇప్పటికి దొరికింది. "ఏమన్నది సార్?" అని ఆమె ఆత్రంగా అడిగింది. చెప్పాను. మాస్కు వెనక నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

ఆవిడ కారు గేటు దాటగానే మేనేజరు వరండాలో నన్ను నిలబెట్టాడు. "ఆమెకు గా నోరు నేర్పిందెవరు?" అని అరిచాడు.

"మీరే నేర్పమన్నరు గద సార్."

మర్నాడే ఆమెను గోదాముకు పంపేశారు. పర్మినెంటు జాబితాలో ఆమె పేరు మీద గీత పడిందని ఆఫీసులో ఎవరో చెప్పారు. నాకు ఆ వారం అన్నం సహించలేదు. గోదాముకు పోయి చూస్తే రేకుల షెడ్డు కింద, ఆ ఎండలో, డ్రమ్ముల మీద చీటీలు అంటిస్తోంది. "నా వల్లనే గిట్లయింది చెల్లె" అన్నాను.

"ఏం ఫికర్ చెయ్యకుండ్రి సార్. ఆ సంతకం పెట్టిన కాంచి నాకు నిద్ర సక్కగ లేకుండె. ఇప్పుడు మంచిగ వడ్తాంది" అంది చీటీ అంటిస్తూనే. తర్వాత తల ఎత్తి, "ఒక్కటి అడుగుత, ఏమనుకోకుండ్రి. ఆడ మీరెందుకు సార్ పాసిబుల్ అన్నరు?" అంది.

అక్కడి నుంచి నేరుగా మేనేజరు గదికి పోయాను. తెలిసి తెలిసి తప్పు మాట చెప్పింది నేను, ఉన్నది చెప్పింది ఆమె, గోదాముకు పంపాలంటే నన్ను పంపండి అన్నాను. ఆయన కోపంగా చూశాడు. "రిపోర్టు రానియ్, చూద్దాం" అన్నాడు. మా దిక్కు ‘చూద్దాం’ అంటే ఏమిటో ముందే చెప్పాను. ఆశ వదులుకున్నాను.

మూడు వారాలకు రిపోర్టు వచ్చింది. మేనేజరు నన్ను పిలిచి చదవమన్నాడు. తూకం గది తప్పును నల్లటి అక్షరాలతో వేశారు, తప్పలేదు. పని చేసిన మనిషే, చేసిన అప్పుడే రాయాలన్నారు. ఏ భాషలో రాసినా దాన్ని చదివే మనిషిని పెట్టుకోమన్నారు. చివర్లో మాత్రం, ఆ గదిలో ఆపరేటర్ చెప్పిన మాట వల్లే మిగతా రికార్డులను నమ్మగలిగామని, సరుకు కొనడం కొనసాగిస్తామని ఉంది. ఆ వాక్యం ఆయన నాతో రెండుసార్లు చదివించుకున్నాడు. మేనేజరు చెడ్డవాడు కాదు. ఆయనకూ పైన పెద్దవాళ్లున్నారు, వాళ్లకు ఆయన "అయితది సార్" అని చెప్పుకునే బతికాడు. కుర్చీలోంచి లేచి, చెప్పులు ఈడ్చుకుంటూ తానే గోదాము దాకా నడిచాడు. నేను కిటికీలోంచి చూశాను. ఏం మాట్లాడుకున్నారో వినబడలేదు గానీ, ఆమె చేతిలో చీటీల కట్ట ఆయనే అందుకోవడం కనిపించింది.

వానలు పడే నాటికి పర్మినెంటు కాగితం వచ్చింది. సూపర్‌వైజరుకు మెమో ఇచ్చి ఊరుకున్నారు. అతన్ని తీసేయొద్దని అడిగినవాళ్లలో ఆమె కూడా ఉంది. సరుకు ఆలస్యమైందని పైవాళ్లు మెడ మీద కూర్చుంటే కాదనలేక ఆ పొద్దున కాంటా చూడకుండానే తూకం మొదలెట్టించాడు, అతనిదీ మా రోగమే. ఆ మరుసటి వారం సాయంత్రం క్లాసులో అతనొచ్చి చివరి కుర్చీలో కూర్చున్నాడు. నేను బోర్డు మీద పందుల దగ్గర నుంచి మొదలుపెట్టాను.

తర్వాత ఏళ్లలో తూకం గదిలో కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పే బాధ్యత ఆమెకే ఇచ్చారు. ఒకసారి తలుపు దగ్గర నిలబడి విన్నాను. కొత్త అమ్మాయిని పుస్తకం ముందు నిలబెట్టి, "ముందుగాల అంకెలు సూడకు బిడ్డా. పేజీ మొత్తం సూడు. కొదువున్నదనిపిస్తె ఆగు. ఎవ్వరు చెప్పినా ఆగు" అంటోంది. నేను చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను. నా డైరీ ఆ సాయంత్రమే ఆమెకు ఇచ్చేశాను.

నేను రిటైరైన రోజు క్యాంటీన్‌లో సభ పెట్టారు. మేనేజరుకూ అప్పటికి జుట్టు నెరిసింది. నాకు దండ వేసి, మైకు పట్టుకుని, ముప్పై ఏళ్ల సర్వీసులో ఈయన నోటి నుంచి ఒక్క తప్పు మాట రాలేదని పొగిడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకుని, వినయంగా, అది నిజమే అన్నట్టు నవ్వుతున్నాను. అప్పుడు వెనక వరసలోంచి ఆ గొంతు వినబడింది.

"దట్ కాంట్ బి రైట్, సార్."

ముందు మేనేజరు నవ్వాడు, తర్వాత సూపర్‌వైజరు, ఆ తర్వాత క్యాంటీన్ మొత్తం. నాకు నవ్వుతో పాటు కళ్లలో నీళ్లూ వచ్చాయి. లేచి నిలబడి, మెడలో దండ తీసి చేత్తో పట్టుకుని, ఆమె వైపు తిరిగి దండం పెట్టి, "యెస్ మేడమ్" అన్నాను.